అయిదు నెలల ఏడాది

నెల్లూరు పి.ఎఫ్. ఆఫీసు, మూడో కిటికీ.
అక్కడ నేను ముగ్గుర్ని.
ఒంగోలు పొగాకు కంపెనీలో పాలేటి వెంగమ్మ.
చీమకుర్తి పాలిషింగ్ యూనిట్లో దగ్గుమాటి వెంకమ్మ.
ముత్తుకూరు రొయ్యల ప్లాంటులో
ఉత్త డి. వెంగమ, చివర అమ్మ కూడా లేదు.
"ఎవరమ్మా వీళ్లు ముగ్గురూ?" అన్నాడు జిలానీ సారు.
ముగ్గుర్నీ నేనే సాకినా సారూ, అన్నా.
ఆయన నవ్వలా.
వెనక లైన్లో ఎవరో నవ్వినారు.

పెళ్లయితే ఇంటిపేరు మారుద్దని చెప్పినారు గానీ
దాంతోపాటు ఏళ్లు తప్పిపోతాయని
మా మేనత్తలెవరూ చెప్పలా.

మొదట పొగాకు.
గ్రేడింగు హాల్లో నేల మీద కూచుని
ఒక్కో ఆకునీ వెలుతురుకి పట్టి చూసే పని.
నిమ్మపండు రంగుది ఒక కుప్ప,
మచ్చ పడింది ఇంకో కుప్ప.
ఎంత తోమినా రాత్రికి అన్నంలో చేదు.
ఫిబ్రవరి నుంచి జూన్ దాకా పని,
జూలైకి గేటుకి తాళం.
అట్టా నాలుగు సీజన్లు.

తర్వాత చీమకుర్తి.
ఆ నల్లరాతిలో నక్షత్రాలుంటాయంటారు,
నేను చూసింది కాళ్ల కింద తెల్లటి బురద.
మూడేళ్లు నీళ్ల గొట్టం పట్టుకుని నిలబడ్డా.
మా ఆయన ఓబులేసు చెయ్యి
రెండు పలకల మధ్య పడిన ఏడు
గుంటూరు ఆసుపత్రిలో డబ్బు కట్టమన్నారు.
ఉద్యోగం మానేసి
పి.ఎఫ్., పింఛను వాటా, అంతా లాగేసినా.
పదకొండు వేల ఆరు వందలు.
రెండు వేళ్లు పోయి మూడు మిగిలినాయి.
ఆ రోజుకి అది లాభమే.

"ఆ మూడేళ్లు లేవమ్మా ఇప్పుడు.
డబ్బు తీసుకుంటే ఏళ్లు కూడా తీసుకున్నట్టే."
యాడికి తీసుకుపోయినా సారూ?
నా మోకాళ్లలోనే ఉండాయి గదా.

ఆఖరికి రొయ్యలు.
అయిదేళ్ల ఎనిమిది నెలలు ఐసు నీళ్లలో తలకాయలు వలిచి,
ఆర్డర్లు లేవని మొన్న ఇంటికి పంపినారు.
మిషను మీద బొటనవేలు పెడితే
మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు అంటాది.
పదేళ్లుంటేనే పింఛనంట.
నాకు ఉండేది దాంట్లో సగం, పైన చిల్లర.

సంచిలోంచి ఎక్స్‌రే కవరు తీసినా.
ఓబులేసు చెయ్యి ముందు వచ్చింది,
దాని వెనక నాలుగు మడతల చీటీ,
పొగాకు కంపెనీది, నంబరుతో సహా.
గుంటూరులో ఇది గుర్తొచ్చుంటే
ఇదీ లాగేసుండేదాన్ని.
మరిచిపోబట్టి మిగిలింది.

సారు లోపలికి పోయి చానా సేపటికి వచ్చినాడు.
"సీజన్ కంపెనీ కదమ్మా.
అయిదు నెలలు చేసినా ఏడాది కిందే లెక్క."
వేళ్లు మడిచినాడు. నాలుగు.
దానికి అయిదేళ్ల ఎనిమిది నెలలు.
"ఆరు నెలలు దాటితే ఇంకో ఏడాది. పది!"

అంటే గేటు మూసిన ఆ ఏడు నెలలు కూడా!
అమ్మకి కాళ్లు పిసికిన ఆగస్టులు,
చూరు కింద వాన చూస్తా
ఊరికే కూచున్న అక్టోబర్లు,
అదంతా ఉద్యోగమేనంట.
జీతం ఇయ్యలేదు గానీ
ఎవరో రాసి పెట్టినారు.

"నామినీ పాలేటి మాలకొండమ్మ?"
మా అమ్మ సారూ. పోయి పన్నెండేళ్లు.
"పెళ్లయినాక ఇది చెల్లదు. మార్చాలి."
చెల్లని మా అమ్మ పేరు
ఆ చీటీలో ఎంత గుండ్రంగా ఉందో.
పక్కన ఓబులేసు పేరు రాయించినా.
ఇంకా పేర్లు కలపాలి,
కంపెనీ సంతకం తేవాలి.
కంపెనీ యాడుంది, అది కల్యాణ మండపమై చానా కాలం.
"దానికి వేరే దారుందిలే" అని ఇంకో ఫారం ఇచ్చినాడు.

కింద టీ బంకు దగ్గర ఓబులేసు,
మూడు వేళ్లతో గ్లాసు పట్టుకుని.
"ఎంతొస్తాదంట?"
వెయ్యి, పైన కొంచెం. యాభై ఎనిమిదికి.
"ఇంకా ఎనిమిదేళ్లా! అప్పటిదాకా?"

రేపు కొడవలూరు బియ్యం మిల్లులో అడగతా.
కూలి ఎంతని తర్వాత.
పి.ఎఫ్. కడతారా అని ముందు.
కడతామంటే
రాసేవాడి పక్కనే నిలబడతా.
వెంగమ్మ, నాయనా.
గ. క కాదు.