చెవి గుర్తు

రుస్తావిలో పాత కార్ల సంత వెనక
మూడో రేకుల షెడ్డు నాది.
తూర్పు గాలి లేస్తే పైకప్పు పళ్ళు కొరుకుతుంది.
అయినా నిశ్శబ్దం చెడిపోయిన వాళ్ళు
బాగుచేయించుకోవడానికి నా దగ్గరికే వస్తారు.

మల్ఖాజ్ తెచ్చిన నల్ల కారుకి
వెనక కుడి తలుపు అద్దం పగిలింది.
లారీ చక్రం ఎగరేసిన గులకరాయి.
పగిలిందే గాని రాలలేదు.
వెయ్యి గీతలై కూడా
ఒక్క పలుకునీ సీటు మీద పడనివ్వలేదు.
మూలన గోరంత చెవి బొమ్మ
అలాగే చెక్కుచెదరకుండా ఉంది.

అంచు తిప్పి చూపించాను:
"ఇది ఒకటి కాదయ్యా, రెండు.
మధ్యలో మెత్తటి పొర.
రోడ్డు హోరు ఆ పొర దాకా వస్తుంది,
బురదలో దిగబడిన ఎద్దులా
అక్కడే కూలబడుతుంది."
"నాకు తెలీదా?" అన్నాడు మల్ఖాజ్.
"ఎనిమిదేళ్ళుగా ఆ కారులో
దగ్గు ఆపుకుంటూ నడుపుతున్నాను.
పొద్దున చిక్కుళ్ళ రొట్టె తింటే
నా కడుపు ఏమందో లామారా గారికి వినిపిస్తుంది.
ఆవిడ గుటక వేస్తే నాకు వినిపిస్తుంది."

అసలు అద్దం రావడానికి మూడు వారాలు.
అందాకా మామూలుది బిగించాను,
ఒంటి రేకుది, వేలితో కొడితే ఖంగుమనేది.

పదో రోజు మల్ఖాజ్ ఒక్కడే వచ్చాడు.
కారు దూరంగా ఆపి, నడుచుకుంటూ.
టీ పోస్తే తాగలేదు.
"గురువారాలు సాగరేజో దాకా వెళ్ళొస్తాం.
తిరుగుదారిలో గాలి ఈల వేస్తుంటే
కొత్త అద్దం సందులోంచి అనుకున్నాను.
ఈల కాదు.
మధ్యలో ఊపిరి తీసుకుంటోంది."

నేను స్క్రూలు ఏరుకుంటూ కూర్చున్నాను.

"ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ లేదు నోదార్.
ఉండడానికి చోటేదీ?
గడియారం ముల్లు వినపడే పెట్టెలో
మనిషి ఎలా ఏడుస్తుంది,
ముందు సీట్లో ఇంకో మనిషి ఉండగా?
ఇప్పుడు హోరు ఉంది.
దాన్ని కొంగులా ముఖం మీదికి లాక్కుంటోంది.
నేను కూడా
గేరు మార్చినప్పుడల్లా కాస్త గట్టిగా దగ్గుతున్నాను,
నాకేం వినపడట్లేదని తెలియాలని."

సాగరేజోలో ఎవరున్నారని అడగలేదు.
అతనూ చెప్పలేదు.
పోతూ పోతూ గుమ్మంలో ఆగి అన్నాడు,
"అద్దం ఇంకా రాలేదని చెప్పు."

అద్దం మర్నాడే వచ్చింది.
నురుగు అట్టల మధ్య, చెవి గుర్తుతో,
చలికాలపు కాలవ నీళ్ళ రంగులో.
దాన్ని గోడకి ఆనించి గోనెపట్టా కప్పాను.
ఆవిడ ఫోన్ చేస్తే
పోతీ రేవులో ఆగిందన్నాను.
రెండోసారి కాగితాల్లో సంతకం తక్కువైందన్నాను.
ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో
ఆలస్యానికి అబద్ధాలు చాలా ఆడాను గాని
వచ్చిన సరుకుని రాలేదనడం ఇదే మొదలు.

మూడోసారి ఫోనులో
కాసేపు ఏమీ వినపడలేదు.
వెనకాల కారు వెళ్తోంది,
లారీ ఒకటి దాటింది,
ఎవరో గట్టిగా దగ్గారు.
చివరికి ఆవిడే అంది,
"ఆ అద్దం గురించి...
తొందరేం లేదు."

ఫోన్ పెట్టేసి పట్టా తీశాను.
గోరుతో మీటాను.
డబ్ అని మూగగా పలికి
ఆ ఒక్క చప్పుడునీ తనలోనే దాచేసుకుంది.
బయట సంతలో ఎవడో
సైలెన్సర్ లేని బండిని బేరానికి పెట్టి
అదేపనిగా రేస్ చేస్తున్నాడు.
పట్టా మళ్ళీ కప్పాను.

ఆవిడిచ్చిన అడ్వాన్సు ఏం చెయ్యాలన్నది మాత్రం
ఇంకా తేలలేదు.