ఎడమ బూటు

చిలోయే దీవిలో వాన ఆగితే
ఏమైందోనని జనం కిటికీ తెరిచి చూస్తారు.
ఈ రాత్రి ఆగలేదు.
కట్టెల పొయ్యి పక్కన, బల్ల మీద రెండు కరపత్రాలు.
ఒకదాని అంచు కాస్త టీ తాగింది.

మొదటిది వల్దీవియాది.
ఐదేళ్ళు, పగటి తరగతులు.
అట్ట మీద నవ్వుతున్న టీచరమ్మ
ఏప్రన్ మీద ఒక్క మరకా లేదు.
అక్కడే నాకు అనుమానం.

రెండోది ప్వెర్తో మోంత్‌ది, శనివారాల చదువు.
తెల్లారకముందే నాలుగింటికి బస్సు,
బస్సుతో సహా ఫెర్రీ ఎక్కి కాలువ దాటాలి.
అలల మీద నోట్సు రాస్తే అక్షరాలు మాట వినవు.
ఫీజు మాత్రం ఎక్కడా ఊగదు.

నాకు ముప్పై ఎనిమిది.
పదకొండేళ్ళుగా బాలవాడిలో సహాయకురాలిని.
టీచర్ సెలవు పెడితే ఆ రోజు నేనే టీచర్ని,
జీతం మాత్రం పాలు కాచినందుకే.

వదిన ఎర్మెలిందా సాల్మన్ ఫ్యాక్టరీలో ముళ్ళు తీస్తుంది.
"ముక్కులు తుడవడానికి ఐదేళ్ళ చదువా, నెల్దా?"
అంది, రొట్టె విరుస్తూ.
కోపం రాలేదు. జవాబూ రాలేదు.
జవాబు రాత్రి రెండింటికి వచ్చింది,
అప్పటికి ఆమె షిఫ్టులో ఉంది.

పోయిన జూన్‌లో ఎలీసియో, మూడేళ్ళవాడు,
గోడ వారన రబ్బరు బూట్లతో కూర్చున్నాడు.
కుడిది ఎక్కింది. ఎడమది ఎక్కనంది.
మిగతావాళ్ళంతా వానలోకి ఉరికారు.
నేను వంగబోయాను.
వాడు చూసిన చూపుకి ఆగిపోయి
రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను,
వాటి మీద నమ్మకం లేక.

ఇరవై నిమిషాలు.
తలకిందులుగా, వెనక్కి, ఒకసారి చేతికి తొడిగి,
ఒకసారి ఏడుపు అంచుదాకా వెళ్ళొచ్చి
ఎక్కింది.
నావైపు చూడనైనా లేదు, మడుగులోకి దూకాడు.
నా వేళ్ళకు తిమ్మిరి.
గుమ్మంలోంచి డైరెక్టరమ్మ
"ఊరికే కూర్చున్నావేం?" అంది.

ఊరికే కూర్చోలేదు.
దాన్నేమంటారో నాకు తెలీదు, అంతే.

వల్దీవియా వాళ్ళ చదువులో
పిల్లలు మూడో ఏట కనిపిస్తారు.
ప్వెర్తో మోంత్ వాళ్ళ కాగితం వెనక,
బస్సు వేళల కింద చిన్న అక్షరాల్లో:
పిల్లల్ని చూడటం, రెండు సెమిస్టర్లు.
చూసుకోవడం కాదు,
చూడటం.
మళ్ళీ చదివాను. అచ్చుతప్పు కాదు.

దరఖాస్తులో 'ఈ కోర్సే ఎందుకు?'
కింద నాలుగు గీతలు.
'పిల్లలంటే ఇష్టం' అని రాసి కొట్టేశాను.
ఇష్టం ఐస్‌క్రీం అమ్మేవాడికీ ఉంటుంది.
'ఒక బూటు గురించి చెప్పాలి' అని మొదలెడితే
గీతలు చాలలేదు,
అంచు వెంబడి పైకి ఎక్కాను.

మూడింటికి తలుపు చప్పుడు.
చేప వాసనతో, తడిసిన టోపీతో
భుజం మీంచి వంగి వదిన అంతా చదివింది,
పెదవులు కదుపుతూ.
బూటు గురించి ఏమీ అనలేదు.
"శనివారం బస్సు నాలుగింటికా?" అంది.
"నేనెలాగూ ఈ వేళకే వస్తాగా.
లేపుతాలే."