చేతులు పొడుగు

కంచరపాలెం మెట్టు దగ్గర నా మిషను.
గూడ్సు పోతే సూది వణుకుతుంది,
పోర్టు దుమ్ముకి తెల్ల లైనింగు బూడిదవుతుంది,
అయినా కొలత తప్పదు నాకు.

నూకరత్నం మూడోనెల్లో వచ్చింది.
"అక్కా, పక్కకుట్లు ఇప్పీవా, బిగుతైపోతన్నాయి."
సిగ్గుగా నవ్వింది. అరంగుళం విప్పేను.
వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి
"సేతులు కూడా కొంచెం పొడుగెట్టు" అంది.

అయిదోనెల్లో పక్కలు మళ్లీ విప్పేను.
చేతులు మోచేతి దాకా దిగేయి.
మెడ మూసీమంది, వీపు మూసీమంది.
ఫేషనా అన్నాను.
ఫేషనే అంది.

ఏడోనెలకి వైశాఖం.
సముద్రం మీంచి గాలి లేదు, ఉప్పు మాత్రం వస్తోంది.
సీమంతానికని ఆకుపచ్చ పట్టుగుడ్డ తెచ్చి
మణికట్టు దాకా చేతులు కావాలంది.

జబ్బకి టేపు చుట్టేను.
తొమ్మిదిన్నర. మూడోనెల్లో పదకొండు.
కడుపు పెరిగే మనిషికి జబ్బ తరుగుతోంది.
టేపుకి ఇటు నాలుగు మచ్చలు, అటు ఒకటి.
నాకన్నా ముందే ఎవరో కొలత తీసుకున్నారు.

జాకెట్టుకీ చేతులనే అంటాం మనం.
కొట్టడాన్ని చెయ్యి చేసుకోవడం అంటాం,
పండక్కి బూరెలు చేసుకున్నట్టు.

"బాత్రూంలో జారిపోనాను" అంది, అడక్కుండానే.
మూడోనెల్లో నేను అడగలేదు.
అయిదోనెల్లో అడగలేదు.
కుట్టుకూలి అడిగేను, ఎనభై రూపాయలు,
చిల్లర లేదంటే రేపియ్యి అని కూడా అన్నాను.

"కడుపు మీద కొడతాడా?"
నోట్లో గుండుసూది ఉండిపోయి మాట నలిగింది.
సూది తీసి మళ్లీ అడిగేను.

గూడ్సు ఒకటి మొత్తం పోయేదాకా పలకలేదు.
గార్డు పెట్టె కూడా పోయేక
"అటు తిరిగిపోతానక్కా.
ఈపు ఇచ్చెస్తాను.
ఈపంటే నాదే కదా.
కడుపు నాది కాదు, గుంటది."

మూసీమన్న వీపు.
రెండు వరసల హుక్కులు నేనే కుట్టేను దానికి,
గట్టిగా, ఊడిపోకుండా.

పొట్టిచేతులు కుట్టేస్తే?
పేరంటానికొచ్చినవాళ్లు చూస్తారు.
చూసి ఏం చేస్తారు?
నేను చూసి ఏం చేసేను?

పట్టుగుడ్డ ఇంకా బల్ల మీదే ఉంది.
సుద్దతో గీత కూడా గియ్యలేదు.

నూకరత్నం నా వెనకగదిలో పడుకుంది,
నా చేతుల్లేని నైటీ తొడుక్కుని,
ఘోషాసుపత్రి నర్సు చెప్పినట్టు ఎడంపక్కకి తిరిగి,
వీపు గోడకి ఆనించి.
నిద్రలో కూడా ఒక అరచెయ్యి పొట్ట మీదే,
తలుపుకి గొళ్లెంలా.
మిషను మీది దీపం ఆర్పేను.
పెద్ద కత్తెర ఎక్కడ పెట్టేనో గుర్తు చేసుకుంటున్నాను.

షట్టరు కదిలింది.
గాలేమో అనుకుంటాను.

సముద్రం మీంచి ఇవాళ గాలి లేదు.