కుడివైపు అడుగు మూల

పదకొండేళ్లు
తెరకు కుడివైపు అడుగు మూలన
బూడిదరంగులో ఒక మాట ఉండేది,
యాక్టివేట్ చేసుకో అని.
అప్పిచ్చినోడు అరుగు మీద కూచుని
కేకెయ్యడు, తిట్టడు,
ఊరికే దగ్గుతా ఉంటాడు చూడండి, అట్లా.

ఆ దగ్గు పక్కనే పెళ్లిపత్రికలు కొట్టేవాణ్ణి,
గ్రీంస్‌పేటలో, మెట్లకింద గదిలో.
మామిడికాయల లారీ వెనక్కి వస్తే
మానిటరు వణికే గది అది.
చి.ల.సౌ. ఎక్కడ పెట్టాలో,
ఏ మేనమామ పేరు ఏ మేనమామ కింద రాకూడదో
చిత్తూరు మొత్తంలో నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు.
నా విండోస్ మాత్రం
సీడీ మీద మార్కరు పెన్నుతో రాసిన పేరు, అంతే.

మొన్న అది ఇంకో మాట అంది.
కొత్తదానికి ఈ పెట్టెకు అర్హత లేదంట.
రేషన్ కార్డు కౌంటర్లో విన్న గొంతే.

ప్రాజెక్టు రికార్డు బైండింగుకు వచ్చిన
పాలిటెక్నిక్ పిల్ల సుగుణేశ్వరి
నా తిట్లన్నీ నిలబడి విని,
"పీకేద్దాం మామా, లైనక్స్ పెడదాం" అంది.
ఎంత?
"ఏమీ లేదు."
ఏమీ లేదంటే, తర్వాత ఎంత?
నవ్వి, బ్యాగులోంచి పెన్‌డ్రైవు తీసింది.

పాస్‌వర్డు కొట్టమంది నల్ల తెర.
కొడుతున్నా, చుక్క రాదు, నక్షత్రం రాదు.
కీబోర్డు చచ్చిందనుకున్నా.
"పడతానే ఉండాది మామా, కనపడదంతే."
చీకట్లో జేబులో నోట్లు లెక్కపెట్టుకున్నట్టు
వేళ్లనే నమ్ముకుని కొట్టాను.
తీసుకుంది.

ఆ రాత్రి పాత ఫైళ్లు తెరిచాను.
ఇరవయ్యేళ్ల పెళ్లిళ్లు
కొక్కేలు, డాలర్లు,
నెత్తిన టోపీ పెట్టుకున్న పరదేశి అక్షరాలు.
వరుడి పేరున్నచోట శాతం గుర్తు.
ఖాదర్ బాషా చెల్లెలి పత్రికలో
ఆశ్చర్యార్థకాలు తప్ప ఏమీ మిగల్లేదు.

ఒప్పుకోవాలి,
అవి ఏనాడూ తెలుగు కావు.
నా పాత ఫాంటు ఇంగ్లీషు అక్షరాలకు
పంచె కట్టి బొట్టు పెట్టి నిలబెట్టేది.
తలకట్టు ఒకచోట, వత్తు ఇంకోచోట,
నేను మేస్త్రీలాగా పేర్చేవాణ్ణి.
పంచె ఊడితే ఎవరో తేలిపోయింది.

ఇప్పుడు క కొడితే క.
పొల్లు వేసి ష తగిలిస్తే
అదే క్ష అయి కూచుంటుంది, నా మేస్త్రీపని లేకుండా.
నమ్మకం చాలక లక్ష్మీదేవమ్మ అని కొట్టి చూశాను.
ఆ మూడంతస్తుల అక్షరం
కూలలేదు.
ఆమె ఎవరని అడక్కండి, చేతికొచ్చిన పేరు.

అంతా సుఖమేం కాదు.
ప్రింటరు నాలుగు రోజులు అలిగింది.
చర్చి వీధి ఆఫ్‌సెట్టు రెడ్డెప్ప
పేజ్‌మేకర్ ఫైలు తప్ప ముట్టనన్నాడు.
పీడీఎఫ్ ఇస్తే ఆఖరి నిమిషంలో తప్పు దిద్దేదెట్లా అన్నాడు.
తప్పు లేకుండానే ఇస్తాలే అన్నాను.
వ్యాపారంలో నేనిచ్చిన మొదటి గ్యారంటీ అది,
చెప్పేసి ఇంటికొచ్చి భయపడ్డాను.

పాత హార్డుడిస్కు బిస్కెట్ల డబ్బాలో ఉంది.
ఎవరికీ చదవనక్కర్లేని వెయ్యి పెళ్లిళ్లు
అందులో గమ్మున కూచోనుండాయి.
ఆ జంటలకేం, పిల్లల్ని బడికి దింపుతుంటారు,
పాల ప్యాకెట్ల కోసం నిలబడుంటారు,
ఏ ఫాంటులో పెళ్లయిందో వాళ్లకేం పట్టింది.

నాకే, పని మధ్యలో ఇంకా
కన్ను కుడివైపు అడుగు మూలకు పోతుంది.
అక్కడిప్పుడు గడియారం.
ఏడుంబావు.
అరుగు ఖాళీ.
ఒక్కోసారి దగ్గు వినపడుతుంది,
ఉలిక్కిపడి చూస్తానా,
నాదే.