కొసరు మీట

మొగిలమ్మ చెయ్యి వణకడం మొదలై రెండేళ్లు.
గ్లాసులో పడాల్సిన నన్నారి
సగం బండి రేకు మీద పడేది.
ఈగలకు తిరునాళ్ల, ఆమెకు నష్టం.
"వైర్ల పని తెలిసినోడివి గదా అబ్బోడా,
ఏదన్నా చెయ్యరాదా" అనింది ఒక పొద్దు,
చిల్లర ఎంచలేక అంతా నా అరచేతిలో పోసేసి.

గ్రీమ్స్‌పేటలో నాది సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి,
మనిషి అడ్డం తిరగలేనంత.
రాత్రి షట్టరు సగం దించి కూచున్నా.
చచ్చిపోయిన మోడెం అడాప్టరు,
ఆర్డునో బోర్డు ఒకటి, రిలేలు రెండు,
మూడు చక్రాల బుల్లి పంపు.
పాము కప్పను మింగినట్టు
మెత్తటి గొట్టాన్ని నొక్కుతా వదులుతా
పాకాన్ని ముందుకు జరుపుతుంది.
పాకానికి ఇనుము తగలదు.
ఆ మాటొక్కటి ఆమెకు నచ్చింది.

దగ్గుమందు మూతతో కొలిచా.
నీళ్లయితే ముప్పై మిల్లీలీటర్లకు తొమ్మిది సెకన్లు.
నన్నారికి పద్నాలుగు.
తెల్లారి చలిలో పదహారు.
మోటారు ఆగినా
గొట్టం మూతికి ఆఖరి చుక్క ఒకటి
వేలాడతానే ఉంటుంది,
పోయొస్తానని చెప్పి
గడపలో నిలబడి గంట మాట్లాడే చుట్టంలాగా.
అర చుట్టు వెనక్కి తిప్పితే లోపలికి పోయింది.

మూడోనాడు పెట్టె తెరిస్తే
రిలేల నిండా చీమలు.
తీపి యాడుందో చెప్పడానికి
వాటికి సెన్సరు అక్కర్లేదు.

బండికి బిగించిన రోజు
మొగిలమ్మ పచ్చ మీట నొక్కి
పొయ్యి తాకినట్టు చెయ్యి లాక్కుంది.
గుర్రుమని పంపు తిరిగింది.
ధార. ఆగింది. చుక్క బయట పడలా.
ముప్పై. మళ్లీ ముప్పై. మళ్లీ ముప్పై.
మిద్దె కట్టినోడి మాదిరి నిలబడ్డా నేను.

సాయంత్రానికి ఆమె మొహం ముడుచుకోనుండాది.
"పలమనేరు బస్సు కండక్టరుకీ ముప్పైయేనా?
పొద్దున్నించీ కాళ్ల మీదే ఉండాడప్పా వాడు.
ముగ్గురు పిలకాయలు ఒక గ్లాసు తీసుకుంటారే, వాళ్లకీ?
చక్కెర జబ్బు లెక్కల అయివారికి ఇంత పోస్తే
వాళ్లింటామె నన్ను తిట్టదా?"

ఇన్నేళ్లూ ఆ గరిటె
మొహాలు చూసి వంగిందని
నా ప్రోగ్రాములో యాడా రాయలేదు.

మళ్లీ షట్టరు సగం దించా.
పాత రేడియోలోంచి సౌండు పెంచే గుండు పీకి తగిలించా.
ఆమె వేళ్ల కింద అది
ఇరవై రెండు, నలభై, పద్దెనిమిది, ముప్పైయేడు అంటా ఎగిరింది.
యాభై సార్లు చదివి సరాసరి తియ్యమన్నా.
వణుకంతా కలిసి
ఒక అంకె దగ్గర కుదురుగా కూచుంది.
పక్కన ఎర్ర మీట ఒకటి పెట్టా.
నొక్కితే ఇంకో అయిదు.

"ఇదేందిరా?"
"కొసరు."
నోట్లో వక్కాకు ఉండాదని మరిచి నవ్వేసింది.

మూడు నెలలకు
ఎర్ర మీట అరిగి నా అంగడికి వచ్చింది.
పచ్చది ఇంకా కొత్త పెండ్లికూతురు.
మీటకు నలభై అంటే
ముప్పై చేతిలో పెట్టి "చాల్లే" అనింది.

బండి కాడికి పోయి కొత్తది బిగించి
బాగుందేమో చూడమన్నా.
నా గ్లాసు మూతి కింద పెట్టి
నొక్కతా ఉండాది, నొక్కతా ఉండాది,
చాలమ్మా అంటా ఉన్నా.