సదరు పాట

నేను రైటర్నే.
కతలు రాసే రైటర్ను కాదు, స్టేషన్ రైటర్ను.
ఇరవై రెండేండ్లుగా పంచనామాలు రాస్తా ఉండా.
నా చేతిరాతలో చచ్చినోళ్ళంతా
ఒకే మాదిరి బోర్లా పడి ఉంటారు.

ఆ ఏడు గంగజాతర అయిపోయిన మూడో దినం
ఎస్సై ఒక మెమరీకార్డు నా టేబిలు మీద పెట్టి
"దీంట్లో ఉండే బూతులన్నీ వరసగా రాయి" అన్నాడు.

ఎర్రదుంగ. అదీ ఆ పిల్లోళ్ళ గుంపు పేరు.
ఏ-వన్ చెంగల్రాయుడు, జీవకోన, టైల్సు పని.
ఏ-టూ ఢిల్లీబాబు, రేణిగుంట దాటి ఎరగడు.
ఏ-త్రీ మస్తాన్, కొర్లగుంటలో సెల్‌ఫోన్ రిపేరు.
వాడి అంగడి వెనకాల పరుపులు నిలబెట్టి
ఫ్యాను ఆపి రికార్డు చేసినారు.
అందుకే ప్రతి చరణం చివర
ఊపిరికి చెమట పట్టినట్టు వినిపిస్తుంది.

హెడ్‌సెట్ తగిలించుకుని మొదలుపెట్టినా.
"సదరు ముద్దాయిలు సదరు పాట యందు
టాస్క్‌ఫోర్సు వారి తల్లులను ఉద్దేశించి..."
ఆపేది, వెనక్కి తిప్పేది, మళ్ళీ వినేది.
ఏం వేగం నాయనా! పెన్ను అందుకోలా.
పదిహేడు సార్లు విన్నా.
పద్దెనిమిదోసారి పెన్ను మూసి విన్నా.

మోసినోడికి భుజం మీద కాయ
మోయించినోడికి భుజం మీద శాలువ
అనే కాడ నా కాలు దానంతటదే కదిలింది.
అది బూతు కాదు గదా,
రాయలేదు.

తోటివేషం నాడు వేపమండలు కట్టుకున్నోడు
మా గడప ముందర నిలబడి ఇవే మాటలు తిడితే
మా అమ్మ పసుపునీళ్ళు పోసి దండం పెట్టింది.
చెంప నరికినాక అవే మాటలు
రెండువందల తొంభైనాలుగు బి.
ఈ సంగతి ఎస్సైతో అనలేదు.
టీ చెప్పమన్నాడు, చెప్పినా.

కోర్టులో జడ్జమ్మ "చదవండి" అనింది.
నిలబడి చదివినా,
పోస్టుమార్టం రిపోర్టు చదివినట్టు.
వెనక బెంచీలో ఎవురో కిసుక్కుమన్నారు.
చెంగల్రాయుడు నవ్వలేదు.
బోనుకొయ్య మీద వాడి బొటనవేలు
నేను తప్పిన తాళాన్ని దిద్దుతా ఉండింది.

తొమ్మిది దినాల తర్వాత బయటికొస్తే
లీలామహల్ సర్కిల్లో ఆటోలన్నీ వాళ్ళవే.
రెండో పాట, మూడో పాట.
వీడియోలో తుపాకులు జాతరలో కొన్న ప్లాస్టిక్‌వి,
ఒకదానికి ధర చీటీ కూడా పీకలేదు.
నిషేధించమని ఊరేగింపు, వద్దని ఇంకో ఊరేగింపు,
రెండిటికీ బందోబస్తు మేమే.

విచిత్రమేమంటే
ఎవురి మీద పాడినారో వాళ్ళకే పాట నచ్చింది.
చంద్రగిరి పక్క మామిడితోటలో విందంట.
ఢిల్లీబాబుకు తెల్లచొక్కా వచ్చింది.
అదే బాణీ, తిట్టు ఉన్న చోట అన్న పేరు.
ఆ పాటకు సెక్షన్ లేదు.
మస్తాన్ స్క్రీన్‌గార్డులు అతికిస్తా ఉండాడు,
పాటంటే "యే పాట సార్" అంటాడు.

చెంగల్రాయుడిని ఎవురో ఎగతాళి చేసినారంట,
"దుంగ మొయ్యకుండానే దుంగ పాటా?" అని.
పాటను నిజం చేసేదానికి
వాడు కొండెక్కినాడు.

ఇప్పుడు సోమవారం సోమవారం వచ్చి
కండిషన్ బెయిలు సంతకం పెడతాడు.
చొక్కా కింద కుడి భుజం ఎత్తుగా ఉంటుంది.
మొన్న సంతకం పెట్టి, పోకుండా నిలబడినాడు.
"సార్, మీరు రాసింది ఉండాదా?
ఎక్కడా పాట లేదు, అంతా తీసేసినారు.
నాకు కూడా సగమే గుర్తుండాది."

మస్తాన్ హార్డ్‌డిస్కు మాల్‌ఖానాలో వాననీళ్ళు తాగింది.
ఫైలు ఉంది. ఫైల్లో బూతులే ఉండాయి,
వరసగా, నంబర్లేసి.

రాయని రెండు పాదాలు
నాలిక కొసదాకా వచ్చినాయి.
సెంట్రీ చూస్తా ఉన్నాడు.
"వచ్చే సోమవారం రా" అన్నా.