నలభై రెండో మేకు

నేను బ్యాంకు మనిషిని కాను.
గుమ్మంలో ముందు ఆ మాటే చెప్పాలని
కంపెనీలో నేర్పారు.
ఒడెస్సా ప్రూయిట్ తలుపు సగమే తీసి
"మరెవరి మనిషివి?" అంది.
దానికి జవాబు నేర్పలేదు.

టొలీడోలో మార్చి నెల.
మెట్ల మీద మంచు కరిగి మడ్డిబురద.
వంటింటి బల్ల మీద చించని కవర్ల దొంతర,
ఎగిరిపోకుండా పైన ఒక గాజు ముద్ద.
ఫ్యాక్టరీ మూసిన రోజు
క్లెమ్ కోటు జేబులో వేసుకొచ్చాడట,
జీతం బదులు.

దారులున్నాయమ్మా, అన్నాను.
అప్పుకన్నా తక్కువకే ఇల్లమ్మి
మిగతాది వదిలెయ్యమని బ్యాంకును బతిమాలడం ఒకటి.
లేదా తాళాలిచ్చేసి, ఇల్లు ఊడ్చి వెళ్తే
చేతికి రెండువేల అయిదువందల డాలర్లు.
"ఊడ్చాలా?" అంది,
"చీపురు నాదేనా, అదీ మీదేనా?"

ఇంకొకటుంది, గొంతు తగ్గించాను.
ఇల్లు మా కంపెనీ కొంటుంది,
మీరు ఇందులోనే అద్దెకుంటారు.

వేలానికి పదకొండు రోజులు.
నొప్పెక్కడో డాక్టరుకి చూపినట్టు
కాగితం మీద వేలు పెట్టింది.

నాలుగో పేజీ దగ్గర కలం ఆగింది.
గోడలకు మేకులు కొట్టరాదు.
కుర్చీలోనే వెనక్కి తిరిగి
పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది.
నేనూ లెక్కపెట్టాను. నలభై ఒకటి.
"మరి వీటినేం చేస్తారు?"
ఉన్నవాటికి ఏం కాదన్నాను.
నాకా అధికారం లేదు. అయినా అన్నాను.

జనవరిలో ఫోన్ చేసింది.
హీటరు పోయిందట, మనిషొచ్చేసరికి నాలుగు రోజులట.
"రెండు కోట్లేసుకుని పడుకున్నాను.
కానీ చూడు, ముప్పై ఏళ్ళలో మొదటిసారి
ఏదో చెడిపోతే డబ్బెక్కడిదని గుండె జారలేదు."
తిట్టిందో, మెచ్చుకుందో,
ఫోన్ పెట్టేశాక కూడా తేలలేదు.

మళ్ళీ మార్చి. ఏడాది తనిఖీ.
అద్దె ఎనభై డాలర్లు పెరిగిందన్న ఉత్తరం
జేబులో ఉంది, ఇంకా ఇవ్వలేదు.
హాల్లో, కిటికీ పక్కన,
కొత్త మేకు.
దానికి బొమ్మ లేదు, క్యాలెండరు లేదు,
చివరికి ఒక తాళంచెవైనా లేదు.
సుత్తి బల్ల మీదే ఉంది,
గాజు ముద్ద పక్కన. దాచలేదు.
చేతులు కట్టుకుని నిలబడింది,
నా కళ్ళెక్కడున్నాయో చూస్తూ.

ఫారంలో ఆ గడి చిన్నది,
రెండంకెలకే సరిపోతుంది.
నలభై ఒకటి అని రాశాను.